గుహలో పసిబిడ్డ, పక్కన గిన్నె

శేషమ్మ సింకు దగ్గర నిలబడి వెండి ఉగ్గుగిన్నెను విభూతితో తోముతోంది. కోడలు రేణుకి ఏడో నెల. తల్లి లేని పిల్ల కదా, పురుడు పొయ్యడానికి తనే విమానమెక్కి ఇండియానా వచ్చింది. అది ఎనభైమూడో సంవత్సరం, చలి ఇంకా వదల్లేదు.

రేణు భోజనాల బల్ల మీద బొమ్మ గీస్తోంది. యూనివర్సిటీ వాళ్లు గ్రీసులో సముద్రపొడ్డున ఒక గుహ తవ్వారు. అక్కడి ఫోటోలు చూసి గీతల బొమ్మలు వెయ్యడం ఆమె పని. ఇన్నాళ్లూ రాతి పెచ్చులూ, మాడిన పప్పుగింజలూ, చేపముళ్లూ వేసింది. ఈసారి ప్రొఫెసర్ నమ్మి ఒక సమాధి ఫోటో చేతిలో పెట్టాడు. సాయంత్రానికి బొమ్మ ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. మళ్లీ అలాంటిది తనదాకా రాదు.

చేతులు తుడుచుకుంటూ శేషమ్మ వంగి చూసింది.

"ఏమిటమ్మాయ్ అది? కోడిపిల్ల ఎముకల్లా ఉన్నాయి."

రేణుకి అబద్ధం నోట రాలేదు. "పసిబిడ్డ, అత్తయ్యా. వేల ఏళ్ల కిందట పోయింది."

"రామ రామ! కడుపుతో ఉండి, తినే బల్ల మీద పోయిన బిడ్డని పెట్టుకు కూర్చున్నావా? తీసెయ్!"

"ఉట్టి ఫోటోయే కదా అత్తయ్యా."

"ఫోటోకి దండ వేసి దణ్ణం పెట్టమూ? అప్పుడు ఉట్టిది కాదే! పురుడయ్యేదాకా ఈ పని మానెయ్యి. కాదంటే రేపే నాకు టికెట్ బుక్ చెయ్యమంటా మావాణ్ని."

ఎదురు చెప్పే అలవాటు లేదు రేణుకి. ఫోటోను అట్టల మధ్య పెట్టబోతుంటే శేషమ్మ వేలు దాని మీద పడింది.

"తల పక్కన ఇదేమిటి?"

"చిన్న గిన్నె. బిడ్డతోపాటు పూడ్చిపెట్టారు."

"పూడ్చారా? కాల్చలేదూ?"

"లేదత్తయ్యా."

"మనమూ అంతే. పాలు తాగే బిడ్డని కాల్చం." శేషమ్మ కుర్చీలో కూర్చుంది. ఉగ్గుగిన్నె ఒళ్లో పెట్టుకుంది. "మీ ఆయనకి ముందు నాకో ఆడపిల్ల పుట్టింది. నెల తిరక్కుండానే పోయింది. మా నాన్న ఈ గిన్నె చేయించింది దానికే. దాని పక్కన పెట్టమని ఏడ్చాను. 'వెండిని మట్టిపాలు చేస్తామటే పిచ్చిదానా' అంది మా అత్తగారు."

రేణు ఫోటోను అట్టల మధ్య పెట్టకుండా బల్ల మీదే ఉంచింది.

"ఈ పిల్ల నాయనమ్మ మంచిదయ్యుంటుంది," అంది శేషమ్మ ఫోటోకేసి చూస్తూ. కాసేపటికి, "గిన్నె ఇంకా వెయ్యలేదే?" అంది.

"వెయ్యాలి."

"వెయ్యి మరి. పొద్దు పోతోంది."

రేణు మళ్లీ పెన్సిల్ అందుకుంది. గిన్నె అంచు, దానిపక్క చిన్న తల, నెమ్మదిగా కాగితం మీదికి వచ్చాయి.

ఎండ కిటికీ దిగేసరికి బొమ్మ పూర్తయింది. రేణు కోటు వేసుకుని అట్టలు చంకన పెట్టుకుంది. వెళ్లొస్తానని చెప్పబోయి ఆగింది. శేషమ్మ తడి ఎప్పుడో ఆరిన ఉగ్గుగిన్నెను కొంగుతో తుడుస్తూనే ఉంది. రేణు తలుపు చప్పుడు కాకుండా చేరవేసి మెట్లు దిగింది.