బుద్ధిగా మాట విన్నవాళ్ళు

ఉదయం ఆరున్నర అయ్యేసరికి ఫారూఖ్ ముగ్గురిని తిట్టి, ఆ మూడు తిట్లూ చెరిపేసి, ముగ్గురికీ మర్యాదగా జవాబులు రాశాడు. ఆరేళ్ళుగా అతని పద్ధతి అదే. మనసులో ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలి, ఒకసారి తృప్తిగా చదువుకోవాలి, తరువాత చెరుపుకుంటూ వెనక్కి రావాలి. నాలుగో ఉత్తరం దగ్గర మాత్రం అతని చూపుడువేలు గాలిలోనే ఆగిపోయింది.

"నెలకి ఇరవై రూపాయలు ఇమ్మంటన్నారు. నెలనెలా దానంతటదే కోసుకుపోయే దేనికీ ఒప్పుకోవద్దని మీ నాలుగో సూత్రంలో మీరే సెప్పినారు. మమ్మల్ని పరీచ్చ సేత్తన్నారా భాయ్?"

రాసినవాడు మల్కాపురం వీర్రాజు. కింద నూట పన్నెండు మంది బొటనవేళ్ళు పైకెత్తి మెచ్చుకున్నారు.

ఫారూఖ్ కళ్ళజోడు తీసి లుంగీ చెంగుతో తుడిచాడు. అరవై రెండేళ్ళ మనిషి. సన్నటి మెడ, లోపలికి పోయిన దవడలు. ముప్పై ఒక్క ఏళ్ళు లెడ్జర్ మీద ఒక పక్కకు ఒరిగి రాయడం వల్ల కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి జారిపోయి, నిలబడి ఉన్నా ఏదో బరువు మోస్తున్నవాడిలా కనిపిస్తాడు. పాతనగరంలో పై అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. కిటికీ పక్కన బల్ల, దాని మీద తెర అంచు పగిలిన పాత కంప్యూటరు. దానిలోంచే 'పోపుల డబ్బా' నడుస్తుంది.

ఆ వెబ్‌సైటుకు పేరు పెట్టింది భార్య తాహెరా. డబ్బు దాచుకోవడమంటే ఏ ఇంట్లోనైనా ముందు గుర్తొచ్చేది అదే కదా అంది. రేవు కూలీలు, స్టీలుప్లాంటు కాంట్రాక్టు కార్మికులు, ఆటోవాళ్ళు రోజుకు నాలుగు వేల మంది చదువుతారు. పీఎఫ్ ఎలా తీసుకోవాలి, పోస్టాఫీసులో ఏ పథకం మంచిది, ఫోన్లో అప్పిచ్చే యాప్ మోసాన్ని ఎలా పసిగట్టాలి, అన్నీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఉంటాయి. చదవడానికి పైసా అక్కర్లేదు.

మొదట్లో ప్రకటనల మీదే నడిచింది. పేరు చూసి వంటల సైటనుకుని మసాలా పొడులు, మిక్సీలు చూపించేవారు. ఖర్చులకు సరిపోయేది. తరువాత ఆ ప్రకటనలు పంపే యంత్రానికి తెలివి పెరిగింది. ఇక్కడికి వచ్చేది చేతిలో డబ్బు లేనివాళ్ళని కనిపెట్టింది. అప్పు యాప్‌ల జోలికి పోకండి అని ఫారూఖ్ రాసిన వ్యాసం నెత్తి మీదే 'ఐదు నిమిషాల్లో అప్పు' అని ఎర్ర అక్షరాలు గెంతడం మొదలుపెట్టాయి. ఒక కంపెనీని ఆపితే ఇంకో రెండు పేర్లతో వచ్చేది. సొంత అరుగు మీద జేబుదొంగకు పీట వేసి కూర్చోబెట్టినట్టయింది. ఒళ్ళు మండిపోయి, ఫోన్లో ప్రకటనలు కనబడకుండా చేయడం ఎలాగో బొమ్మలతో సహా ఒక వ్యాసం రాశాడు. నా సైటులో కూడా ఆపేయండి అని చివర్లో కలిపాడు.

ఆపేశారు. ఒక్కరు కూడా మాట జవదాటలేదు. మూడు నెలల్లో ప్రకటనల డబ్బు ఎండిపోయింది. అప్పుడు నెలకు ఇరవై రూపాయల చందా అడిగాడు. ఇచ్చినవాళ్ళు ఏడుగురు. ఇంత బుద్ధిగా మాట వినే శిష్యులు పగవాడికి కూడా వద్దు.

ఈ రోజు సాయంత్రం ఆరింటిలోగా సైటు ఏడాది అద్దె పన్నెండు వేల ఎనిమిది వందలు కట్టాలి. కట్టకపోతే సైటు మూతపడుతుంది.

తాహెరా ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో టీ గ్లాసు తెచ్చింది. రెండు అడుగులకోసారి ఆగింది.

"మోకాళ్ళలోంచి తియ్యండి అజీ," అంది. "అయిదేళ్ళు ఆగినాయి. ఇంకో ఏడాది ఆగలేవా?"

ఫారూఖ్ ప్రతి డబ్బుకూ పేరు పెడతాడు. పోస్టాఫీసులో ఉన్నదాని పేరు 'తాహెరా మోకాళ్ళు'. పేరు పెట్టిన డబ్బును ఇంకో పనికి ముట్టుకోకూడదన్నది అతని రెండో సూత్రం.

"అది ఆపరేషన్ డబ్బు," అన్నాడు.

"మోకాళ్ళు నావి. నానే ఇత్తన్నాను."

"నువ్వు కూడా ముట్టకూడదు. రూలు రూలే."

"రూలుకేటి, దానికి నొప్పి తెలుద్దా!" అని ఆమె గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి వెళ్ళిపోయింది.

జనానికి సేవ చేస్తున్నాడని ఫారూఖ్‌ను ఎవరైనా పొగిడితే అతనికి చిరాకు. అతను చేసేది సేవ కాదు, పగ. తండ్రి రేవు లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. ఆయన పోయినప్పుడు ఫారూఖ్‌కు పదిహేడేళ్ళు. జనాజా లేవకముందే ఇద్దరు అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు. ఒకడు కుట్టుమిషను చక్రం మీద చెయ్యి వేసి, అది తనదన్నట్టు నెమ్మదిగా తిప్పాడు. కొన్నేళ్ళకు ఫారూఖ్ రేవు కార్మికుల పొదుపు సంఘంలో గుమాస్తాగా చేరాడు. జీతాల రోజున కిటికీ లోపల కూర్చుని, పది రూపాయలైనా ఉంచుకోవయ్యా అని ప్రతివాడికీ చెప్పేవాడు. వాళ్ళు తలూపి, గేటు బయట కాచుకుని ఉన్న వడ్డీవాళ్ళ చేతుల్లో పోసేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు అతని మాట ఎవడూ వినలేదు. రిటైరయ్యాక, ఫోన్లో చదివితే విన్నారు. ఆ చక్రం తిప్పినవాడికి ఇన్నాళ్ళకు దెబ్బ గట్టిగా తగులుతోందని ఫారూఖ్ అనుకున్నాడు. సాయంత్రం ఆరింటికి పోయేది అదే.

పదిగంటలకు ఫోను మోగింది. ప్రకటనల ఏజెన్సీలో పనిచేసే నవీన్ అట.

"సార్, ఒక్క బ్యానర్ పెట్టుకోనివ్వండి. ఏడాది ఖర్చంతా మాదే. బ్లాకర్లకి దొరకని రకం సార్, మీ వ్యాసంలోనే కలిసిపోద్ది."

"ఎవుడిది?"

"ఫైనాన్స్ యాప్ సార్. మంచోళ్ళే."

ఫారూఖ్ తిట్టాడు. వాణ్ణి, వాడి యాప్‌ను, వాడికి తన నంబరు ఇచ్చినవాణ్ణి వరసగా తిట్టాడు. నోటితో తిట్టినది చెరపడానికి వీలుండదు. ఆరేళ్ళ తరువాత ఆ సంగతి అతనికి ఎంతో హాయిగా అనిపించింది. ఫోను పెట్టేశాక మాత్రం గుండెల్లో మంటగా ఉండి, గ్యాసేమోనని వాము నమిలాడు.

ఇక మిగిలింది వీర్రాజు ఒక్కడే. అప్పు యాప్‌వాళ్ళు వాడి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తున్నప్పుడు, ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఏం రాయాలో చెప్పి బయటపడేసింది ఫారూఖే. ఇప్పుడు వీర్రాజు నడిపే పోపుల డబ్బా వాట్సాప్ గ్రూపులో తొమ్మిది వందల మంది ఉన్నారు. వాడు ఒక్క మాట అంటే ముప్పావువంతు మంది అయినా ఇస్తారు. జీవితంలో ఎవరినీ చెయ్యి చాచి అడగని ఫారూఖ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మల్కాపురం బస్సెక్కాడు.

వీర్రాజు తాతలు గోదావరి నుంచి వచ్చారు. వీడు మల్కాపురంలోనే పుట్టి, రేవులో బొగ్గు దిగే చోట పనిచేస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎన్నిసార్లు కడిగినా కనుబొమల్లో బొగ్గు పోదు. రెండో షిఫ్టుకు వెళ్ళబోతూ బస్టాపు పక్కన పోతమ్మ టీ కొట్లో కూర్చుని ఉన్నాడు. ఫారూఖ్‌ను చూసి లేచి, తను కూర్చున్న బల్లను తువ్వాలుతో దులిపాడు.

"మీరొచ్చినారేటి భాయ్! పిలిత్తే నానే రానా?"

ఫారూఖ్ విషయం చెప్పాడు. అడగడం అలవాటు లేక ఎవరినో కోప్పడుతున్నట్టు చెప్పాడు. వీర్రాజు శ్రద్ధగా విని, తన ఫోను తీసి చూపించాడు. ఒక పట్టీ ఉంది. పాప శ్రీసత్య కాలేజీ, ఇంటి రేకులు, అమ్మ కన్ను, టీ. అన్నిటికీ పేర్లున్నాయి.

"సూడండి. మీరు సెప్పినట్టే పేర్లెట్టినాను. ఇందులో సైటుకి పేరు లేదు. కొత్త పేరు ఎట్టాలంటే మూడు నెలలు ఆలోసించాలని మీరే సెప్పినారు."

"మూడు నెలలు లేవురా. ఇయాల ఆరింటికి పోద్ది."

"అర్జెంటు అన్నోణ్ణి నమ్మొద్దని కూడా మీరే సెప్పినారు." వీర్రాజు నవ్వలేదు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చెప్పాడు.

"టీకి రోజుకెంత ఎట్టినావు?"

"రెండు టీలకి."

"మూడోది తాగితే?"

"తాగను భాయ్."

ఫారూఖ్‌కు వాణ్ణి కొట్టాలనిపించింది. వెంటనే కౌగిలించుకోవాలనిపించింది. ఆ రెండోది మరీ అసహ్యంగా అనిపించి, ఇంకా గట్టిగా అరిచాడు. "మూసేత్తే మీకేటీ నట్టం లేదా?"

"అన్నీ ఫోటోలు తీసి దాసుకున్నాం కదా. సైటు పోయినా మీ మాట పోదు."

"రేపు కొత్త రకం దొంగొత్తే ఎవుడు సెప్తాడు? నీ ఫోటో సెప్పుద్దా?"

వీర్రాజు ముఖం చిన్నబోయింది. జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీశాడు. "కోప్పడకండి. ఇయాల్టి టీలు మానేత్తాను. ఇది తీసుకోండి."

అది మడత పెట్టిన పాత నోటు, బొగ్గు వేలిముద్ర ఉంది. ఫారూఖ్ మనసులో లెక్క వేశాడు. ఒక నోటుతో ఏమీ కాదు. కానీ ఇలా ఇచ్చానని వీడు గ్రూపులో చెబితే తొమ్మిది వందల మందీ తీయవచ్చు. ఇవాళ టీ, రేపు అమ్మ కన్ను. పేరు ఒకసారి చెరపడం నేర్చుకుంటే వీళ్ళు మళ్ళీ గేటు బయటివాళ్ళ దగ్గరికే వెళతారు.

"టీ డబ్బు టీదే," అన్నాడు. "జేబులో ఎట్టుకో."

షిఫ్టు వేళయింది. వీర్రాజు దండం పెట్టి, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయాడు.

ఫారూఖ్ కాసేపు అక్కడే కూర్చుని, తరువాత లేచి రోడ్డు దాటి హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాడు. జేబులో 'ఫారూఖ్ చెప్పులు' అనే డబ్బుంది. అది తన పేరున పెట్టినదే అయినా రూలు రూలే. అయినా తీశాడు. ఆరేళ్ళలో సూత్రం తప్పడం అదే మొదలు. సిగ్గుతో దుకాణదారు కళ్ళలోకి చూడలేకపోయాడు. ఒక ప్లైవుడ్ చెక్క, నల్ల రంగు, తెల్ల రంగు, ఒక బ్రష్షు, నాలుగు మేకులు కొన్నాడు.

"నా గోడకి మేకు కొడితే సున్నం రాల్తాది బాబూ," అంది పోతమ్మ.

"రాల్తే నాను ఏయిత్తాను."

"ఏటి రాత్తావు దానిమీద? సినిమా పేరా?"

"డబ్బు గురించి."

"డబ్బిత్తావా?"

"ఇయ్యను. ఉన్నది పోకుండా సెప్తాను."

"అయితే ఎవుడు సూత్తాడులే, కొట్టుకో," అని ఆమె పాలు తిప్పుకుంది.

నల్ల రంగు ఆరడానికి రెండు గంటలు పట్టింది. ఎండ వాలేదాకా ఫారూఖ్ చెక్క పక్కనే కూర్చుని ఈగలు తోలాడు. తరువాత దాన్ని గోడకు బిగించి, చెయ్యి వణకకుండా మోచేతిని గోడకు ఆనించి, లెడ్జర్ రాసే పొందికైన దస్తూరీతో తెల్ల రంగుతో రాయడం మొదలుపెట్టాడు. చందా లేదు, ప్రకటన లేదు. గోడకు నెలనెలా ఎవడూ కట్టక్కర్లేదు. వారానికొకసారి వచ్చి నల్ల రంగుతో చెరిపి కొత్తది రాయవచ్చు. ఈ ఆలోచన ముందే ఎందుకు రాలేదని తనను తాను తిట్టుకున్నాడు. ఆరింటికి జేబులో ఫోను టింగుమంది. అతను తీయలేదు. పగటి షిఫ్టు దిగిన నలుగురు మనుషులు టీ గ్లాసులతో వెనక నిలబడి అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. వాళ్ళు పైకి చదువుతుంటే విని, ఫారూఖ్ ఒంపులు ఇంకా పెద్దవిగా దిద్దాడు.

'అడక్కుండా అప్పిస్తామని వచ్చేవాడి దగ్గర అప్పు తీసుకోవద్దు.'

చివరి అక్షరం అయ్యాక వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ముఖమంతా చెమట పట్టింది.

"కాసిన్ని నీళ్ళియ్యమ్మా," అన్నాడు.

పోతమ్మ గ్లాసు తొలిచి నీళ్ళు తెచ్చేసరికి అతని తల కొట్టు గుంజకు ఆని ఉంది. చూస్తున్నవాళ్ళు రాసినది చదువుకుంటున్నాడనుకున్నారు. ఆమె రెండుసార్లు బాబూ బాబూ అని పిలిచి, మూడోసారి పిలవకుండా గ్లాసు కింద పెట్టేసింది.

భాయ్ పోయారని వీర్రాజు గ్రూపులో కబురు పెట్టాడు. తొమ్మిది వందల మందీ దండాలు పెట్టారు, కన్నీళ్ళు పెట్టారు, దాచుకున్న ఫోటోలన్నీ ఒకరికొకరు పంపుకున్నారు. సైటు తెరవాలని చూసినవాళ్ళకు తెల్లటి పేజీ తప్ప ఏమీ రాలేదు.

నాలుగో రోజు ఉదయం వీర్రాజు మొదటి టీకి వచ్చేసరికి చెక్క మీద ఒక పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. ష్యూరిటీ అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో అప్పు, కింద ఒక ఫోను నంబరు. రాత్రి ఎవడో వచ్చి ఆ దారిలో స్తంభాలకు, షట్టర్లకు, బస్టాపుకు అంటించినట్టే దీనికీ అంటించి పోయాడు. వీర్రాజు గోటితో గీకాడు. గట్టి జిగురు, రాలేదు. నీళ్ళు కొట్టి చూశాడు. ఇంతలో షిఫ్టు సైరన్ కూసింది, గ్లాసు బల్ల మీద పెట్టి పరుగెత్తాడు.

తడిసి చెక్కకు ఇంకా గట్టిగా అతుక్కున్న ఆ పసుపు కాగితం కింద, మందంగా ఆరిన తెల్లరంగు అక్షరాల అంచులు ఉబ్బుగా తెలుస్తున్నాయి.