పన్నెండో గుండీ

మా పెద్దమ్మని అందరూ గుండీల డాక్టరమ్మ అంటారు. నిజానికి ఆవిడ డాక్టరు కాదు. నలభై ఏళ్లుగా మందుల షాపు మీది గదిలో ఆక్యుపంక్చర్ సూదులు పెడుతోంది. ఆ పేరు రావడానికి కారణం ఆవిడ దగ్గరున్న ఒక రేకు డబ్బా. దాన్నిండా చొక్కా గుండీలే. ఒక్కో సూది గుచ్చినప్పుడల్లా ఒక్కో గుండీ పేషెంటు చేతిలో పెడుతుంది. సూది తీసినప్పుడు గుండీ వెనక్కి తీసుకుంటుంది. చేతిలో గుండీ మిగిలుంటే ఎంత తొందర పనున్నా ఎవరూ బల్ల దిగడానికి లేదు.

నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. తర్వాత నేను ఫిజియోథెరపీ చదివి, ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుని, ఆర్నెల్ల ఆక్యుపంక్చర్ కోర్సు చేసి, రిజిస్టర్లో పేరెక్కించుకున్నాను. కింది అంతస్తులో నాకో గది ఇచ్చారు. మూడు తెరలు, మూడు బల్లలు, ఒక్కో మనిషికి ఇరవై నిమిషాలు. ఇరవై కాగానే గంట మోగుతుంది. ప్రతి పేషెంటుకీ ఒక షీటు, దాంట్లో రెండు గళ్లు. పెట్టినవి ఎన్ని, తీసినవి ఎన్ని.

ఆ షీటు చూసుకుని నాకు మహా గర్వంగా ఉండేది. "గుండీలేంటి పెద్దమ్మా, ఇది వైద్యమా, టైలరింగ్ షాపా?" అని ఏడిపించేదాన్ని.

"నీ కాగితం నీకే కనబడుతుంది. పడుకున్నవాళ్లకి కనబడదు కదే" అనేది నవ్వుతూ.

ఈ ఏడు కొత్త రూలొచ్చింది. రిజిస్టర్లో పేరు లేనివాళ్లు సూది ముట్టుకోకూడదు. డిగ్రీ లేకపోయినా అనుభవం ఉన్నవాళ్లకి ఒక దారి వదిలారు. ఒక్క ఫిర్యాదు కూడా లేకుండా ఉంటే, అధికారి ముందు పని చేసి చూపించి పేరెక్కించుకోవచ్చు. అందాకా పని ఆపక్కర్లేదు. పెద్దమ్మ ఫారం నేనే నింపాను. "ఫిర్యాదులు" అన్న చోట "లేవు" అని రాస్తుంటే, "కొంచెం పెద్దక్షరాలతో రాయి" అంది. అంత సంబరం.

సరిగ్గా పదిరోజుల తర్వాత టైలరమ్మ సంగతి జరిగింది.

టైలరమ్మ అంటే మా డబ్బాలోని గుండీలన్నీ ఇచ్చినావిడ. మిషను మీద వంగి వంగి మెడ పట్టేసి, ఏళ్ల తరబడి పెద్దమ్మ దగ్గరికే వచ్చేది. ఈమధ్య ఆసుపత్రి డాక్టరు నా దగ్గరికి రాసిచ్చారు. పాత అలవాటు మానలేక రెండు చోట్లకీ తిరుగుతోంది. ఆ రోజు పొద్దున పెద్దమ్మ దగ్గర సూదులు పెట్టించుకుని, మధ్యాహ్నం నా బల్ల మీద బోర్లా పడుకుంది. సాయంత్రం ఇంట్లో ముడి విప్పి తల దువ్వుకుంటుంటే దువ్వెనకి ఏదో తగిలింది. తల వెనక, జుట్టు లోపల, ఒక సూది. ఎమర్జెన్సీలో తీసి, కాగితం రాసి, రూలు ప్రకారం మా ఆసుపత్రి రెండో అంతస్తులోనే ఉన్న రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పంపించారు.

ఆ సూది నాదే.

ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఆ మధ్యాహ్నం ఆవిడకి తీసిన సూదుల్ని, వాడినవి పడేసే పసుపు డబ్బాలో వేస్తూ లెక్కపెట్టాను. పదకొండొచ్చాయి. అప్పటికే షీటులో రెండు గళ్లూ నింపేసి ఉన్నాను. పెట్టినవి పన్నెండు, తీసినవి పన్నెండు. నా పద్ధతే అంత. సూదులు పెట్టగానే స్టూలు మీద కూర్చుని రెండూ ఒకేసారి రాసేస్తాను. తర్వాత టైముండదు కదా! పదకొండు రాగానే ఆగి వెతకాల్సింది. పక్క తెర వెనక గంట మోగింది. లెక్క నేనే తప్పానులే అనుకుని వెళ్లిపోయాను.

ఎంత తేలిగ్గా అనుకున్నానో తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

రెండో అంతస్తులో అధికారి మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచాడు. మర్యాదస్తుడే. కొత్త రూలు ప్రకారం అందరం వాడేది ఒకే రకం సీలు సూదులు కాబట్టి, సూదిని చూసి ఎవరిదో చెప్పలేం అన్నాడు. నా షీటు తిరగేశాడు. పన్నెండు, పన్నెండు. పెద్దమ్మని రికార్డు అడిగాడు. ఆవిడ సంచీలోంచి రేకు డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఆ పొద్దున నా గుండీలన్నీ నేను తిరిగిచ్చేశానండీ" అంది టైలరమ్మ.

"గుండీలు రికార్డు కిందికి రావమ్మా" అన్నాడాయన. వెటకారంగా అనలేదు. అయినా నా మొహం మాడిపోయింది. ఆ మాట అంతకుముందు వందసార్లు అన్నది నేనే కదా.

తర్వాత నా వైపు తిరిగాడు. "మధ్యాహ్నం మీ దగ్గరికి వచ్చేసరికే ఆవిడ తలలో సూది ఉందా?"

లేదు అంటే అయిపోయేది. మూడక్షరాలు కూడా లేవు ఆ మాటకి. నేను నీళ్లు నమిలాను. "జుట్టు ఒత్తుగా ఉంది సార్. గమనించలేదు."

పెద్దమ్మ నా వైపు చూసింది. "తీసేటప్పుడు లెక్కపెట్టావామ్మా?"

"షీటులో ఉంది కదా పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ కాసేపు డబ్బా మూత సరిచేసింది. "మరి నాదే అయ్యుంటుంది సార్. వయసైపోయింది" అంది. నలభై ఏళ్లలో ఎవరి నోటా రాని మాట ఆవిడ నోటితోనే అనిపించాను. నేను పక్కనే కూర్చుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాను.

వారానికి పెద్దమ్మకి ఉత్తరం వచ్చింది. పేరు ఎక్కించడం కుదరదు అని. పెద్దమ్మ గదికి తాళం వేసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్లో "తిన్నావా" అని అడిగేది, "ఆఁ" అనేదాన్ని. ఆవిడ ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక డ్యూటీ ఎక్కువుందని అబద్ధాలు చెప్పాను. ఆవిడ పేషెంట్లు ఒక్కొక్కరే నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆవిడే పంపించేది.

నెల తిరక్కుండా టైలరమ్మ వచ్చింది. చేతిలో రేకు డబ్బా.

"మీ పెద్దమ్మ ఇమ్మంది. తనకింక పనికిరాదట. నువ్వు గుండీలిస్తేనే పడుకుంటాను" అంది.

కాదనే ధైర్యం నాకెక్కడిది! బోర్లా పడుకోబెట్టి, సూది సూదికీ ఒక గుండీ ఆవిడ అరచేతిలో పెట్టాను. మొత్తం పన్నెండు. స్టూలు మీద కూర్చుని రాసుకుని, షీటు దాని మీదే పెట్టి, స్టూలు బల్ల కిందికి తోసి పక్క తెరలోకి వెళ్లాను. గంట మోగాక వచ్చి ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే తీశాను. తీసినకొద్దీ గుండీ వెనక్కి తీసుకున్నాను. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండు. ఆఖరిది తల వెనక, జుట్టులో. దాని మీద చెయ్యి వేశాను.

"ఆగు" అంది టైలరమ్మ.

బోర్లా పడుకున్నవాళ్లకి ఊపిరాడ్డానికి మా బల్లకి మొహం దగ్గర కంత ఉంటుంది. ఆవిడ ఆ కంతలోంచి మాట్లాడుతోంది. కంత కింద నా స్టూలు. స్టూలు మీద నా షీటు.

"పన్నెండు తీశానని రాసుంది. నా చేతిలో ఇంకా ఒక గుండీ ఉంది. సూది కూడా తలలోనే ఉంది. ఇరవై నిమిషాల్నుంచి దీన్నే చూస్తున్నాను."

నేను సూది మీంచి చెయ్యి తీశాను.

"ఆ రోజు కళ్లు మూసుకు పడుకున్నాను. ఆ రోజు కూడా ముందే రాశావా?"

"ముందే రాశానమ్మా" అన్నాను. "పదకొండే వచ్చాయి. నాకు తెలుసు."

పక్క తెర వెనక గంట మోగింది. మోగనిచ్చాను. సూది తీసి పసుపు డబ్బాలో వేశాను. టైలరమ్మ లేచి కూర్చుని, ముడి వేసుకుని, నన్ను ఎగాదిగా చూసింది. గుండీ కోసం చెయ్యి చాపాను. ఆవిడ ఇవ్వలేదు. షీటు తీసుకుని, తీసినవి అన్న గడిలో నేను రాసిన పన్నెండు మీద ఆ గుండీ పెట్టింది.

"రెండో అంతస్తుకి నువ్వెళ్తావా, నేను వెళ్లనా?"

"నేనే వెళ్తాను" అన్నాను.

మిగతా రెండు తెరల వెనక ఉన్నవాళ్లకి సూదులన్నీ తీసి, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. షీటు, గుండీ పట్టుకుని మెట్లెక్కాను. మొదటి అంతస్తు దగ్గర ఫోన్ మోగింది. పెద్దమ్మ.

"తిన్నావా?" అంది.