ఏ తూటా, ఎన్ని తూటాలు

హైమ తలుపు తీసేసరికి బయట ఒకడు పార్సిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. డెలివరీ వాళ్లు వేసుకునే పసుపు జాకెట్ వేసుకున్నాడు. సంతకం కావాలన్నాడు. ఆమె చెయ్యి చాపింది. వాడు ఆ చెయ్యే పట్టుకుని ఆమెను లోపలికి తోశాడు. వెనకాలే ఇంకొకడు వచ్చి తలుపు వేసేశాడు.

దీపావళి దగ్గర పడుతున్న రోజులు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బడులకు హాఫ్ టర్మ్ సెలవులు. హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసే హైమకు ఆ రోజు డ్యూటీ లేదు. ఏడేళ్ల కూతురు పూజిత ముందు గదిలో టీవీ చూస్తోంది. భర్త క్రాంతి పై అంతస్తులో, లాఫ్ట్ గదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు.

మొదటివాడు హైమ మెడమీద మోచెయ్యి అడ్డంగా పెట్టి గోడకు నొక్కాడు. రెండోవాడు గాజులు లాగాడు. అవి రాకపోతే చర్మం లేచిపోయేలా లాగాడు. ఊపిరి అందినప్పుడల్లా ఆమె "ఏమండీ! ఏమండీ!" అని అరిచింది. పైనుంచి పలుకు లేదు. నల్లపూసల గొలుసు తెంపుకుని, వంటింట్లో పర్సు తీసుకుని, వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోయారు. పూజిత సోఫా వెనక దూరి రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది.

క్రాంతి కాల్ ముగించుకుని, హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని కిందికి వచ్చాడు. హైమ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏంటి ఇక్కడ కూర్చున్నావ్? టీ పెట్టలేదా?" అన్నాడు.

అప్పుడు చూశాడు ఆమె చేతులు.

ఆ తప్పు అతనిది కాదని హైమే సర్దిచెప్పుకుంది. తలుపు వేసి ఉంది, చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, వినపడలేదు. ఎవరికైనా జరుగుతుంది. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్లారు. పండగ ముందు మీవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని ఈ దొంగలకు తెలుసు అని ఆఫీసరు చెప్పింది. ఆమె మెడమీద కమిలిన మచ్చ పసుపురంగుకు తిరిగి మానిపోయింది.

అయితే రెండు వారాల తర్వాత క్రాంతి ఫోన్లో ఎవరికో చెబుతుంటే ఆమె వింది. "అరుపు వినగానే నేను పరుగెత్తుకుంటూ దిగాను. నన్ను చూసి పారిపోయారు వెధవలు."

ఆమె చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. సిగ్గుపడుతున్నాడు పాపం, అనుకుంది. రెండోసారి తెనాలిలో ఉన్న తల్లికి కూడా అదే చెప్పినప్పుడు మాత్రం జాలి కలగలేదు.

అప్పటి నుంచి క్రాంతి వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. అమెరికాలో తుపాకులు పెట్టుకు తిరిగేవాళ్ల వీడియోలు. అతని కంపెనీకి డాలస్‌లో ఆఫీసు ఉంది. అక్కడికి బదిలీ అడిగాడు. భార్యను అడగలేదు. బదిలీ దొరుకుతుందని నమ్మకం వచ్చాక చెప్పాడు.

"ఇక్కడ ఇంట్లో దొంగ పడితే చేతులు కట్టుకుని నిలబడాలి హైమా. పెప్పర్ స్ప్రే పెట్టుకున్నా నేరమే. అక్కడైతే మన జాగ్రత్త మన చేతిలో ఉంటుంది."

తుపాకీ ఇంకా కొనలేదు, కొనగలిగే దేశంలో లేడు, కానీ అందులో వేసే తూటాలు మాత్రం ఎంచుకున్నాడు. ఇంట్లో అన్నం తింటూ అదే మాట. బస్‌లో పక్కన కూర్చుంటే అదే మాట. పూజిత స్కూల్లో బొమ్మ వేసి తెచ్చి చూపిస్తే "ఊఁ" అని మళ్లీ ఫోన్లోకి చూశాడు. ఆ రాత్రులలో హైమ ఎలా నిద్రపోతోందో, అసలు నిద్రపోతోందో లేదో, ఒక్కసారి అడగలేదు. వాడు మెడ నొక్కినప్పుడు ఏమనిపించిందని అడగలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం మాంచెస్టర్ నుంచి శశాంక్, అతని భార్య స్రవంతి భోజనానికి వచ్చారు. క్రాంతికి శశాంక్ పాత స్నేహితుడు. పూజిత ముందే తిని ముందు గదిలోకి వెళ్లిపోయింది. పప్పుచారు రెండోసారి వడ్డిస్తుండగా క్రాంతి మొదలుపెట్టాడు.

"రెండు రకాలుంటాయి రా. ఒకటి మామూలు గుండు, పైన రాగి తొడుగు. అది మనిషిలోంచి దూసుకుపోయి వెనక ఉన్నవాడికి కూడా తగులుతుంది. రెండోదానికి ముందు గుంట ఉంటుంది. తగలగానే పువ్వులా విచ్చుకుని లోపలే ఆగిపోతుంది. ఇంట్లో వాడుకోవాలంటే అదే తీసుకోవాలి."

"మరి ఎన్ని పెట్టుకుంటావ్?" అన్నాడు శశాంక్ నవ్వుతూ.

"నవ్వకు. అందరూ తప్పు చేసేది అక్కడే. కంగారులో చెయ్యి వణుకుతుంది, సగానికి పైగా గురి తప్పుతాయి. తుపాకీలో పదిహేను, నడుం దగ్గర తూటాలు నింపిన ఇంకో మ్యాగజైన్. వాళ్లు ఇద్దరొస్తే?"

స్రవంతి పెరుగు కలుపుకుంటూ తలెత్తింది. "గురి తప్పినవి ఎక్కడికెళ్తాయి అన్నయ్యా?"

"అంటే?"

"సగానికి పైగా తప్పుతాయన్నారుగా. అవి ఎక్కడో ఒకచోట తగలాలి కదా?"

"అందుకేనమ్మా రకం చూసుకోవాలనేది. అయినా ఆ రోజు నేను దిగేసరికే వాళ్లు..."

"ఏ రోజు?" అంది హైమ.

గరిటె గిన్నెలో పడేసింది. చారు బల్లమీద చిందింది.

"హైమా, తర్వాత..."

"ఏ రోజు దిగావ్ నువ్వు?"

పదేళ్ల కాపురంలో ఆమె అతన్ని నలుగురిలో ఎప్పుడూ 'నువ్వు' అనలేదు.

"నువ్వు దిగలేదు. నేను గొంతు చించుకుని పిలుస్తుంటే నువ్వు దిగలేదు. వాళ్లు పోయాక దిగావు, టీ పెట్టలేదా అన్నావు. వినపడలేదు అంటే నేనెప్పుడైనా ఒక మాటన్నానా? అన్నానా? ఊరంతా తిరిగి నువ్వు తరిమేశానని చెప్పుకుంటుంటే కూడా నోరు మూసుకున్నా. ఇప్పుడు పదిహేను తూటాలు కావాలా నీకు? పదిహేను కాదు, బస్తా పెట్టుకో. చెవులకి ఆ డొప్పలు తగిలించుకుని కూర్చున్నవాడికి ఏ తూటా అయితే ఏంటి?"

"హైమా, వాళ్ల ముందు..."

"వాళ్ల ముందే చెప్తా. వాడు నన్ను నొక్కిన గోడ ఉందే, దానికి అవతల నీ కూతురుంది. సోఫా వెనకాల. అది రాయి గోడ కాదు, అట్టముక్క. నువ్వు దిగి వచ్చి, చెయ్యి వణుకుతూ కాల్చుంటే ఆ తప్పిపోయినవి పిల్లకి తగిలేవి. ఆ లెక్క ఏ వీడియోలో చెప్పారు నీకు?"

స్రవంతి లేచి హైమ భుజం పట్టుకుంది. హైమ వదిలించుకుంది. అతిథులు పెరుగన్నం పూర్తి చేయకుండానే వెళ్లిపోయారు.

ఆ తర్వాత వారం ఇంట్లో మాటల్లేవు. శుక్రవారం పొద్దున వాన పడుతోంది. పూజిత బడికి వేసుకెళ్లే వెల్లింగ్టన్ రబ్బరు బూట్ల కోసం హైమ మెట్ల కింద అల్మరా తెరిచింది. బూట్ల వెనక ఒక గుడ్డ మూట ఉంది. బరువుగా ఉంది. విప్పి చూసింది.

నల్లటి పిస్తోలు. పక్కన చిన్న పెట్టె నిండా ఇత్తడి తూటాలు.

మూట మళ్లీ కట్టి, పై అరలోకి నెట్టి, కూతురికి బూట్లు తొడిగి బడిలో దింపి వచ్చింది. ఇంటికి రాగానే లాఫ్ట్ గదిలోకి వెళ్లి, అతని చెవుల మీది హెడ్‌ఫోన్స్ తన చేత్తోనే లాగేసింది.

"ఏంటది మెట్ల కింద?"

క్రాంతి మొహం పాలిపోయింది. "అది నిజమైంది కాదు. తూటాలూ ఉత్తివే, శబ్దం మాత్రమే వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించా. చట్టప్రకారమే అమ్ముతున్నారు."

"నల్లగానే అమ్ముతున్నారా?"

అలాంటి బొమ్మ తుపాకులకు కొట్టొచ్చినట్టు కనపడే రంగు ఉండాలి, నిజమైనదానిలా కనపడకూడదు. అది నారింజరంగులోనే వచ్చింది. పెరటి షెడ్డులో కూర్చుని అతనే నల్లరంగు వేశాడు.

"చూస్తే భయపడాలి కదా. నారింజరంగుది చూపిస్తే నవ్వుతారు."

"భయపడి వాడు కత్తి తీస్తే? వాడి దగ్గర నిజమైంది ఉంటే? ఎవరో కిటికీలోంచి చూసి పోలీసులకి చెప్తే, వాళ్లు తుపాకులతో వస్తే? నీ కూతురు బూట్ల కోసం చెయ్యి పెట్టే చోట దాస్తావా? బుద్ధుందా నీకు?"

"నేను నీకోసమే..."

"నాకోసం అనకు!" ఆమె అరుపుకు కిటికీ అద్దం అదిరినట్టయింది. "నాకోసం నువ్వు చేసింది ఒక్కటి చెప్పు. ఒక్కటి. రాత్రిళ్లు నేను లేచి తలుపు గడియ చూసొస్తున్నా, అది తెలుసా నీకు? బెల్ మోగితే నాకు చెమటలు పడుతున్నాయి, తెలుసా? పోలీసులకి ఫోన్ చెయ్యి. చేసి ఇచ్చెయ్. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

"అమెరికా వీసా పోతుంది హైమా. డాలస్ పోతుంది."

అతను ఫోన్ ముట్టుకోలేదు. ఆమె కిందికి దిగి, వంటింట్లో నిలబడి, తనే చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. మూట విప్పి చూసి, సంచిలో వేసి సీలు చేశారు. క్రాంతిని స్టేషనుకు రమ్మని, లాయరును పెట్టి ప్రశ్నలు అడిగారు. కేసు కోర్టు దాకా పోలేదు. నేరం ఒప్పుకున్నందుకు కాషన్ అనే పోలీసు హెచ్చరిక ఇచ్చి వదిలేశారు. అయితే అది అతని పేరు మీద రాసి ఉంటుంది. వీసా లాయరు పెదవి విరిచాడు. డాలస్ ఉద్యోగం వేరే అతనికి ఇచ్చారు.

"నా కెరీర్ నాశనం చేశావ్," అన్నాడు క్రాంతి. లాఫ్ట్ గదిలోనే పడుకోవడం మొదలుపెట్టాడు.

తెనాలి నుంచి అత్తగారు కనకదుర్గ వీడియో కాల్ చేసింది. "మొగుణ్ణి పోలీసులకి పట్టిస్తారటే ఎక్కడన్నా? వాడు నిన్ను కాపాడుకోవడానికే కదా అంత పని చేశాడు? ఆ రోజు వాడు దిగి రాకపోతే ఏమయ్యేదానివి?"

హైమ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "దిగి రాలేదు అత్తయ్యా."

"ఏంటీ?"

"మీ అబ్బాయి దిగి రాలేదు. కాల్‌లో ఉన్నారు. వినపడలేదు. నేనబద్ధం చెప్తున్నానేమో, ఆయన్నే అడగండి."

ఆవిడ మొహం తెరమీద అలాగే ఉండిపోయింది. "మరి నిన్నేం చేశారే వాళ్లు?" అంది చివరికి, గొంతు తగ్గించి.

పోలీసులు కాక, ఆ ప్రశ్న హైమను మొదటిసారి అడిగింది ఆవిడే. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. "ముందు ఆయన్ని అడగండత్తయ్యా. ఆయన చెప్పాక నేను చెప్తా."

ఆవిడ అడిగింది. ఏం మాట్లాడుకున్నారో హైమకు తెలియదు. మర్నాడు మధ్యాహ్నం క్రాంతి వంటింట్లోకి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"అమ్మకి నిజం చెప్పాను. శశాంక్‌కి కూడా ఫోన్ చేస్తాను."

హైమ కూరగాయలు తరుగుతూనే ఉంది.

"వాడు... నిన్ను ఎక్కడ పట్టుకున్నాడు?"

ఆమె కత్తి పక్కన పెట్టింది. అతన్ని హాల్లోకి తీసుకెళ్లి ఆ గోడ దగ్గర నిలబెట్టింది. వాడు మోచెయ్యి ఎక్కడ పెట్టాడో, ఊపిరి ఎలా ఆడలేదో, వాడి చేతులకు ఏం వాసన వచ్చిందో, గాజు ఎలా రాలేదో చెప్పింది. ఎన్నిసార్లు పిలిచిందో చెప్పింది.

"నేను గనక ఆ రోజు..." అన్నాడు క్రాంతి.

"మాట్లాడకు. నువ్వు గనక అని మొదలుపెట్టకు. విను."

అతను విన్నాడు. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. హైమ అతని తలమీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యాలనిపించలేదు. మిగిలింది కూడా చివరిదాకా చెప్పింది, నిలబడే చెప్పింది.

చెప్పేస్తే కోపం దిగిపోతుందని ఆమె అనుకుంది. దిగలేదు. కాకపోతే ఇప్పుడు అది ఆమె ఒక్కదాని దగ్గరే లేదు.

బడి వదిలే వేళయింది. ఆమె కోటు వేసుకుంది.

"నేను కూడా రానా?" అన్నాడు అతను కింద నుంచే.

"మొహం కడుక్కుని రా," అంది హైమ. అతని కోసం ఆగకుండా తలుపు తీసుకుని, బడి వైపు ఎత్తుగా ఉన్న రోడ్డెక్కింది.