మూడో కప్పు కాఫీ

కరార్ అలసిపోయాడు. ఇరవై రెండేళ్లుగా ఈ రక్షిత తీరానికి కావలి. ఎదుటి దీవిలో చేపలగద్దల గూడు మూడేళ్లుగా ఒక్క పిల్లనూ నిలుపుకోలేదు. ఈ ఏడు రెండు పుట్టాయి. ఆ రెండూ ఎగిరితే చాలు, ఈ దుర్భిణి ఎవడికో అప్పగించి హాయిగా పడుకుంటాననుకున్నాడు.

ఆ ఉదయం దుర్భిణి ఎత్తి దీవివైపు చూశాడు. షికారు పడవొకటి దీవి పక్కన లంగరేసింది. జనం ఒడ్డున గొడుగులు పాతారు. తల్లి గద్ద గూటిమీద వాలలేక పైన అరుస్తూ తిరుగుతోంది. నేలమీది గూడు, ఏప్రిల్ ఎండ. తల్లి నీడ లేకపోతే ఆ పసికూనలు గంటలో మాడిపోతాయి.

కావలి పడవ ఇంజను చెడి నెలయింది, పట్టించుకునే నాథుడు లేడు. ఇక మిగిలింది ముసలి జాలరి అవదల్లా మరబోటు. కరార్ అతడి గుడిసెకు పరుగెత్తాడు. తీరా చూస్తే ఆయన తీరిగ్గా కాఫీలోకి అల్లం దంచుతున్నాడు.

"బాబాయ్, పడవ తియ్యి! గద్దపిల్లలు ఎండకు చస్తున్నాయి!"

"తీస్తాలేరా. ముందు కూర్చో. నా గుమ్మంలోకొచ్చి కాఫీ తాగకుండా పోయేంత పెద్దోడివయ్యావా?"

ఈ తీరపు అబాబ్దా తెగవాళ్ల ఇంట కాఫీ అంటే మూడు కప్పులు. మధ్యలో లేస్తే ఇంటాయన మొహాన ఉమ్మినట్టే. లేవాలనే అనుకున్నాడు కరార్. కాళ్లు లేవలేదు. మొదటిది నాలుక కాల్చుకుని తాగాడు. కాఫీ కాచే మట్టికూజా మళ్లీ నిప్పులకెక్కింది. రెండోది. మళ్లీ విసనకర్ర. ఏం మర్యాదో, పాడు మర్యాద!

"మన తాతలకంటే ముందునుంచీ ఉన్నాయిరా గద్దలు. వాటి సంగతి అవే చూసుకుంటాయి," అన్నాడు అవదల్లా, మూడోది పోస్తూ.

దీవి చేరి, కరార్ గొంతు చించుకుని జనాన్ని వాళ్ల పడవెక్కించాడు. గూట్లో చిరిగిన వలపోగుల మధ్య ఒక పిల్ల నోరు తెరిచి రొప్పుతోంది. రెండోది కదలడం లేదు. కరార్, అవదల్లా ఇద్దరూ దూరం జరిగారు. తల్లి వాలి, రెక్కలు విప్పి, రెండింటికీ నీడ పట్టింది. కరార్‌కు ఏడుపు కూడా రాలేదు. తిరుగుదారంతా అవదల్లా వెనక్కి గూటివైపే చూస్తూ పడవ నడిపాడు.

వారం తిరక్కుండానే మరో షికారు పడవ వచ్చింది. కరార్ రొప్పుతూ గుడిసె ముందు నిలబడ్డాడు. అప్పుడే మొదటి కప్పు పొయ్యబోతున్న అవదల్లా అతడి మొహం చూశాడు. కూజా ఎత్తి కాఫీ అంతా నిప్పులమీద కుమ్మరించాడు. లోపల్నుంచి ఆయన భార్య "అయ్యో అయ్యో" అంది.

"పదరా," అన్నాడు ముసలాయన, పొగలోంచి లేస్తూ. "మిగిలిన పిల్ల ఒక్కటే."