బొట్టుబిళ్ళ అంటించిన వైపు

నేను ఒక టేపు రికార్డరును. చేతికి తగిలించుకుని ఎక్కడికైనా తీసుకుపోయే రకం. ఇటుకంత పొడుగు, ఇటుక కన్నా కాస్త తేలిక. నాకు చదువు రాదు. నా ఒంటి మీద ఏవో అక్షరాలున్నాయి, అవేమిటో నాకే తెలియదు. జ్ఞాపకం కూడా నాది కాదట. అదంతా క్యాసెట్‌దట, నేను ఉత్త పెట్టెనట. అననివ్వండి. నేను విన్నది ఒక్క ముక్క మరిచిపోలేదు. కూర్చోండి, చెబుతాను.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. తెల్లని దీపాల కింద, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నన్ను కూర్చారు. వాళ్ళ వేళ్ళు ఎంత వడిగా కదిలేవంటే, చూస్తే కళ్ళు తిరిగేవి. పనివేళల్లో మాట్లాడకూడదట. చూడండి వింత, మాటలు పట్టే పెట్టెను మాటల్లేని చోట తయారుచేశారు.

నా లోపల రెండు చిన్న తలకాయలు పెట్టారు. ఒకటి రాసేది, ఒకటి చెరిపేది. కొత్త మాట పెట్టేముందు పాత మాటను తుడిచేస్తాను. నా పుట్టుకే అంత. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మస్కట్‌లో ఒక కొట్టు అద్దాల వెనక కూర్చుని ఉండగా ఓదెలు వచ్చాడు. ముప్పై ఏళ్ళుండవు, గోళ్ళ సందుల్లో సిమెంటు. కట్టే భవనాల మీద పని. కొట్టువాడు ఏదైనా మాట్లాడి చూడమంటే నన్ను నోటి దగ్గర పెట్టుకుని, సిగ్గుపడి, "అవ్వా, బువ్వ తిన్నవా?" అన్నాడు. అదే మాట నేను తిరిగి చెప్పేసరికి ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. తన గొంతు తనకే పరాయిగా తోచినట్టుంది. అందరికీ అంతే.

ఓదెలుది జగిత్యాల అవతల ఒక బీడీల పల్లె. ఇంట్లో అతను అవ్వా అని పిలిచే తల్లి ఎల్లవ్వ, పెళ్ళాం ముత్తవ్వ. అతను విమానం ఎక్కేనాటికి ముత్తవ్వకు ఆరో నెల. ఆ తర్వాత పుట్టిన సుగుణను అతను చూడలేదు. ఉత్తరం రాద్దామంటే ఇంట్లో ఇద్దరికీ చదువు లేదు. మొగుడి ఉత్తరాన్ని ఊరి పంతులు చేత చదివించుకుంటే సగం మాటలు మొగుడివి, సగం పంతులువి. అందుకని ఊరికి వెళ్ళే మనిషి చేత నన్ను పంపాడు. నా కడుపులో క్యాసెట్ పెట్టాడు. అందులో మొదటి మాటలివి:

"ముత్తవ్వా, ఇగ ఇను. ఉత్త నల్ల బొత్తాం ఒత్తితే నా మాట నీకు అస్తది. ఎర్రది, నల్లది రెండు కలిపి ఒత్తితే నీ మాట నాకు అస్తది. అవ్వకు గూడ నేర్పియ్యి."

ఎల్లవ్వ ఆ మాటను వేదంలా పట్టుకుంది. రెండు బొత్తాములు ఒత్తితే కొడుక్కు చేరుతుంది. అంతే. మధ్యలో విమానం, మనిషి, నెలా పదిహేను రోజులు, ఇవన్నీ ఆమె లెక్కలోకి రాలేదు. చేరేది కూడా నిజమే కదా! ఆమె అడిగినదానికల్లా జవాబు వచ్చేది.

నేను ఊళ్ళోనే ఉండేదాన్ని, అక్కడ అతని రూములో ఇంకో పెట్టె ఉండేది. క్యాసెట్ ఒక్కటే, అటూ ఇటూ తిరిగేది. ఒక వైపు ఓదెలుది, రెండో వైపు ముత్తవ్వది. కొత్త మాటలు వచ్చినప్పుడల్లా పాతవి పోయేవి. ఏ వైపు ఎవరిదో గుర్తెట్లా? ముత్తవ్వ తన నొసటి బొట్టుబిళ్ళ తీసి తన వైపు అంటించింది. ఎల్లవ్వ కళ్ళలో పొర, సరిగా కనిపించదు. బొటనవేలితో తడిమి, ఉబ్బెత్తుగా బిళ్ళ తగిలితే, "ఇది నీ దిక్కే పిల్లా" అనేది.

మనుషుల విచిత్రాలు నన్నడగండి. ముత్తవ్వ అరుగు మీద చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ నాతో మాట్లాడేది. చుట్టూ ఆడవాళ్ళు అంతదాకా ఒకటే ముచ్చట్లు. ఎర్ర బొత్తాం మీదికి వేలు రాగానే గప్‌చుప్. నొక్కకముందు కళ్ళు తుడుచుకునేవాళ్ళు, నొక్కాక నవ్వేవాళ్ళు. ముత్తవ్వ జ్వరంతో మూలుగుతూ కూడా, "ఓ సుగుణ నాయినా, అందరం మంచిగున్నం" అనే మొదలుపెట్టేది. ఎల్లవ్వ అయితే తల మీద కొంగు సర్దుకుని, కాళ్ళు ముడుచుకుని, మస్కట్ దాకా వినపడాలన్నట్టు కేక వేసేది.

"కొడుకా ఓదెలూ! మంచిగ తింటున్నవా! బక్కగైనవట గదా!"

"జర మెల్లగ అత్తా! పెట్టె పలుగుతది!" అనేది ముత్తవ్వ.

"నీకేం ఎరుక? వాడు ఈడున్నడా? సముద్రం దాటాలె గద నా మాట!"

అట్లా రెండేళ్ళు గడిచాయి. ఆఖరి క్యాసెట్ వచ్చిన పదహారో రోజున ఒక మనిషి సైకిలు మీద కబురు తెచ్చాడు. నాలుగో అంతస్తు నుంచి ఓదెలు జారి పడ్డాడట.

శవపెట్టె రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఓదెలు మాట వినిపించమనేవాళ్ళు. ముత్తవ్వ వినిపించేది. అతను నవ్వుతూ చెప్పే మాటలకు అందరూ ఏడ్చేవాళ్ళు. చివరిసారి విన్నాక క్యాసెట్‌ను మొదటికి తిప్పి, బయటికి తీసి రేకు డబ్బాలో పెట్టింది.

కట్టె కాలిన పదకొండో రోజు ముత్తవ్వను వాగు దగ్గరికి తీసుకుపోయారు. గాజులు, పుస్తె, బొట్టు, అన్నీ అక్కడే అయిపోయాయి. తడిబట్టతో ఇంటికి వచ్చి, దేనికో డబ్బా తెరిచింది. క్యాసెట్ మీద ఎర్రగా బొట్టుబిళ్ళ. ఒళ్ళంతా తుడిచేసుకుని వచ్చినా ఇంకా ఒకటి మిగిలి ఉంది. కాసేపు చూసి, గోటితో గీకి పీకేసింది. "ఇగ నాకేడి బొట్టు" అని దాన్ని పొయ్యిలో వేసింది. నేను పక్క గూట్లోనే ఉన్నాను. వద్దు తల్లీ, అది నీ బొట్టు కాదు, గుర్తు అని అరవాలనుకున్నాను. నాకు నోరుంది కానీ, ఒకరు నొక్కితే తప్ప పలకదు.

రెండు రోజుల తర్వాత ముత్తవ్వ బిడ్డను చంకన వేసుకుని చుట్టిన బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. ఇంట్లో ఎల్లవ్వ ఒక్కతే. గూట్లోంచి నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుంది. డబ్బా తడిమి క్యాసెట్ తీసింది. బొటనవేలితో ఒక వైపు తడిమింది, రెండో వైపు తడిమింది. బిళ్ళ తగలలేదు. రాలిపోయిందనుకుందో ఏమో. ఏదో ఒక వైపు పెట్టింది. అది ఓదెలు వైపు.

కొంగు నెత్తి మీదికి లాక్కుని, రెండు బొత్తాములూ కలిపి ఒత్తింది.

"కొడుకా, ఓ నా కొడుకా! నా కట్టెకు నిప్పు వెట్టవలసినోనివి, నీ కట్టెను నేను సూడవడితి కొడుకా! పొయ్యేనాడు ఎనుకకు మల్లి సూస్తివి, గా సూపే ఆఖరాయె కొడుకా! నీ బిడ్డ నడుస్తుంది, ఎవలకు సూపియ్యాలె కొడుకా!"

ఆమె పిచ్చిది కాదు. కొడుకు చనిపోయాడని తెలుసు. కానీ రెండు బొత్తాములు ఒత్తితే చేరుతుందని వాడే చెప్పాడు. ఏడుపు ఎత్తుకుంటే చచ్చినవాడితో మాట్లాడటమే కదా మన ఆడవాళ్ళ ఆచారం. ఊళ్ళో అందరూ శవం ముందు మాట్లాడతారు. ఆమె నా ముందు మాట్లాడింది, అంతే తేడా. ఆ తల్లి ఒక్కొక్క మాట అంటుంటే, నేను ఒక్కొక్క మాట తుడుచుకుంటూ పోయాను. నా ఒక తలకాయ ఓదెలును చెరుపుతోంది, ఇంకొకటి ఎల్లవ్వను రాస్తోంది. ఇరవై నిమిషాలకు పైగా. చివరికి ఆమె గొంతు పూడిపోయింది. తడుముకుని నన్ను ఆపింది, ఎప్పటిలాగే క్యాసెట్‌ను మొదటికి తిప్పి డబ్బాలో పెట్టింది. అప్పటికి ఆ వైపున ఓదెలు మాట ఏడు నిమిషాలే మిగిలింది. ఆ సంగతి తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే.

మూడో రోజు ముత్తవ్వ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ నాయిన మాట ఇందువా బిడ్డా" అంటూ నల్ల బొత్తాం ఒత్తింది. అత్త ఏడుపు వినిపించింది. తప్పు వైపేమోనని తిప్పి పెట్టింది. తన గొంతే, చివర మళ్ళీ "అందరం మంచిగున్నం" అంటోంది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అత్త. నాలుగు మాటలు విని ఠక్కున ఆపేసింది. ఇంకొంచెం పోనీ తల్లీ, చివరిదాకా పోనీ, అని నేను లోపల కొట్టుకున్నాను. ఆమె మొదటికి తిప్పి, డబ్బాలో పెట్టి మూసేసింది.

వాకిట్లో ఎల్లవ్వ మనవరాలికి గోరుముద్దలు కలుపుతోంది. ముత్తవ్వ గడప దాకా వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చింది. ఆ ముసలిదానికి ఏమని చెబుతుంది? నీ కొడుకు గొంతు నీ ఏడుపు కిందే పడి పోయిందని చెబుతుందా?

చెప్పలేదు. ఎల్లవ్వ రోజూ అడగదు. పెత్రమాస నాడు, చచ్చినవాళ్ళకు విస్తరి వేసే రోజున, తప్పకుండా అడిగేది.

"పిల్లా, ఇయ్యాల వాని మాట జర ఇనిపియ్యి."

"సెల్లులు అయిపోయినయత్తా."

మరుసటేడు, "పెట్టెల ఏదో వైరు వోయింది అత్తా." ఆ మరుసటేడు, "జగిత్యాలల బాగుచేపియ్యాలె." నన్ను ఎవరూ పాడు చేయలేదు, నేను పాడు కాలేదు. అయినా ఆరేళ్ళు ఆ అబద్ధాలు మోశాను. కోపం రాలేదు. మనుషులు చెప్పే నిజాలకన్నా ఆ అబద్ధాలు బరువైనవి.

ఆరో పెత్రమాస నాడు ముత్తవ్వ విస్తరాకుల కోసం అంగడికి వెళ్ళింది. ఎల్లవ్వ ఇంట్లో టార్చిలైటు విప్పి రెండు సెల్లులు తీసింది. సుగుణను పక్కింటికి తోలి వాళ్ళ లైటులోవి రెండు తెప్పించింది. "మీ అమ్మకు తీరుతలేదు, మనమే ఇందాం పా" అంది. పిల్ల సెల్లులు వేసి, క్యాసెట్ ఒక వైపు పెడితే టేపు చివర్న ఉండి కదల్లేదు. తిప్పి పెట్టి నల్ల బొత్తాం ఒత్తింది.

"కొడుకా, ఓ నా కొడుకా..."

"అవ్వా, ఇది నీ గొంతే!" అంది సుగుణ.

"ఆఁ, నేనే. ఆనాడు మాట్లాడిన గదా," అంది ఎల్లవ్వ. "ఉండు బిడ్డా. ఎనుక వాడు మాట్లాడ్తడు."

కూర్చుంది. తన ఏడుపు తానే వింటూ, మధ్యమధ్య ఔనన్నట్టు తల ఊపుతూ, కొడుకు కోసం ఎదురుచూసింది. ముత్తవ్వ వచ్చేసరికి ఇల్లంతా ఆ ఏడుపే. చేతిలో ఆకులు జారిపోయాయి.

"పిల్లా," అంది ఎల్లవ్వ, తల ఎత్తకుండానే, "వాని దిక్కు ఏది?"

ముత్తవ్వ కింద పడ్డ ఆకులు దాటుకుని దగ్గరికి వచ్చింది.

"గిదేనా?"

"గిదే అత్తా."

ముసలమ్మ అరచేత్తో నోరు మూసుకుంది. "గీ నోటితోనే గద. వాన్ని మిత్తి ఒకసారి తీస్కపాయె, నేనొకసారి తీస్కపోతి."

"నీ తప్పు గాదత్తా! బొట్టుబిళ్ళ పీకింది నేను. గుర్తు లేకుంట జేసింది నేను!"

"ఆరేండ్లు నువ్వొక్కదానివే మోసినవా ఇది?"

ముత్తవ్వ అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఏడవండి తల్లీ, ఏడవండి, నన్ను మాత్రం ఆపకండి, అనుకున్నాను. నా చక్రం తిరుగుతూనే ఉంది. టేపులో ఎల్లవ్వ గొంతు పూడిపోయింది. టక్కుమని ఒక చప్పుడు. ఒక క్షణం ఏమీ లేదు. ఆ వెంటనే నవ్వుతూ ఒక మగ గొంతు:

"...గంత గట్టిగ ఒర్రకే అవ్వా! మెల్లగ మాట్లాడినా నాకు ఇనబడ్తది."

ఎల్లవ్వ గబుక్కున తల మీద కొంగు సర్దుకుంది.

"పిల్ల నవ్వు టేపుల పెట్టినవు గదా ముత్తవ్వా, మా రూముల పదకొండు మందిమి కూసోని ఇన్నం. ఒక మలయాళపాయన మల్ల వెట్టు మల్ల వెట్టు అని నాలుగుసార్లు ఇన్నడు. ఆయనకు గూడ బిడ్డ ఉన్నదట. సుగుణా, ఓ సుగుణమ్మా! నేను మీ నాయినను..."

సుగుణ నా దగ్గరికి జరిగి, మెల్లగా, ఎవరో పిలిస్తే పలికినట్టు, "ఆఁ" అంది.

ఏడు నిమిషాలు. చివర టేపు అయిపోయి నల్ల బొత్తాం దానంతటదే పైకి లేచేదాకా ముగ్గురూ కదల్లేదు. అప్పుడు సుగుణ తన నొసటి మీది బొట్టుబిళ్ళ తీసి, క్యాసెట్ ఆ వైపు అంటించబోయింది. ఎల్లవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. నాన్నమ్మ వద్దంటుందేమోనని పిల్ల బెదిరింది. ముసలమ్మ ఆ వైపును కొంగుతో శుభ్రంగా తుడిచి, "ఇగ అంటియ్యి. గట్టిగ ఒత్తు," అంది.

ఆ మరుసటేడు ఎల్లవ్వ పోయింది. ఇప్పుడు ఆమె గొంతు కూడా ఆ వైపునే ఉంది. ముందు తల్లి ఏడుపు, వెనక కొడుకు జవాబు. కావాలని పెట్టినా అంత దగ్గరగా కుదిరేది కాదు. ప్రతి పెత్రమాసకూ వినేవాళ్ళు.

తర్వాత నా లోపలి రబ్బరు కరిగిపోయింది. బాగుచేసేవాడు ఆ సామాను ఇప్పుడు రాదన్నాడు. సుగుణ పెళ్ళయి నిజామాబాదులో ఉంది, వచ్చినప్పుడల్లా క్యాసెట్ తీసి బొట్టుబిళ్ళ ఉందో లేదో చూసుకుంటుంది. నన్ను పాత సామాన్లవాడికి వేయలేదు. తునికాకు సంచుల పక్కన, అటక మీద ఉన్నాను.

ఒక్కోసారి ముత్తవ్వ నన్ను కిందికి దించుతుంది. జుట్టు నెరిసింది, వేళ్ళు వంకర్లు పోయాయి. ముందు క్యాసెట్ బయటికి తీసి దూరంగా, డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది. ఆ తర్వాత ఖాళీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, రెండు బొత్తాములూ కలిపి ఒత్తుతుంది. సెల్లులు లేవు, టేపు లేదు, తిరగడానికి నాకు శక్తి లేదు. ఆమెకు అదంతా తెలుసు.

"ఓ సుగుణ నాయినా," అంటుంది, "అందరం మంచిగున్నం."

అత్తలా కేక వేయదు, మెల్లగానే అంటుంది.