రొట్టె చప్పుడు

పిండి ముద్ద మీద నా అరచెయ్యి పడిందో లేదో, అరుగు మీద కూచున్న మా ఆయన దారిన పోయేవాళ్లను పిలవడం మొదలుపెడతాడు. "రాండ్రి, మా ఉలిగెమ్మ రొట్టె తడుతున్నది. తిని పోండ్రి." మా ఊరు జవళగేరకు కాలువ తవ్వే పని వచ్చినప్పటి నుంచి మా వాకిట్లో కూలివాళ్లకు కొదవలేదు. మా ఆయన సుంకప్పది వెన్నలాంటి మనసని ఊరంతా అంటుంది. అబద్ధం కాదు. ఎవరు పస్తున్నా ఆయన చూడలేడు. నా ఆకలి ఒక్కటే ఆయనకు కనబడదు.

కోడి కూయకముందే లేచి నేను విసిరిన జొన్నపిండి వాళ్లు తిని లేచేసరికి అయిపోతుంది. చాట దులిపితే రాలిందే నాది. "నీకేంది, ఇంట్ల ఉండేదానివి, ఎప్పుడన్న తట్టుకుంటవు," అంటాడు నవ్వుతూ. అంత మంచివాడి మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. తినేవాళ్ల మీద తెచ్చుకున్నాను. రెండో రొట్టెకు చాపిన చెయ్యి విరిగిపోతే బాగుండనుకున్నాను. ఇంత పాపిష్టిదాన్ని ఎప్పుడయ్యానో అని పొయ్యి ముందు కూచుని ఏడ్చాను.

నిరుడు నాకు ఆరో నెల నిండకముందే బిడ్డ కడుపులోనే పోయింది. "తల్లి ఒంట్ల సత్తువ లేదప్పా," అంది మంత్రసాని ఆయనతో. ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ బిడ్డ పేరు మీద కూలివాళ్లందరికీ భోజనం పెట్టాడు. పచ్చి ఒంటితో ఆ రొట్టెలూ నేనే తట్టాను.

నిన్న మన్ను మోసే ముసలమ్మ చెన్నవ్వ వచ్చి కూచుంది. రొట్టె తుంచబోయి ఆగి, వంటింట్లోకి తొంగి చూసింది.

"నువ్వు తిన్నవా బిడ్డా?"

పెళ్లయ్యాక ఆ మాట నన్నెవరూ అడగలేదు. తిన్నానన్నాను. ఆమె నా మొహం చూసి, సగం తుంచి నా చేతిలో పెట్టింది. నేను తట్టిన రొట్టే.

ఈ పొద్దున మొదటి రొట్టె పెనం మీద పొంగింది. దించాను. రెండోది తట్టలేదు. పొయ్యి పక్కనే పీట వేసుకుని, ఉల్లిగడ్డ చితగ్గొట్టుకుని, వేడివేడిగా తుంచుకున్నాను.

"ఉలిగెమ్మా, చప్పుడు ఆగిందేంది? మంది కూచున్నరు!" అరుగు మీంచి కేకేశాడు.

నోట్లో తునక నమిలి మింగాను.

"తింటున్న," అన్నాను.