డెల్ఫా కూర్చున్న మధ్యాహ్నం

మరుగుదొడ్ల గచ్చు కడుగుతూ డెల్ఫా మధ్యలో ఆగింది. నది చప్పుడు మారింది. చీపురు గోడకు ఆనించి ఒడ్డుకు నడిచింది. నిన్న గులకరాళ్లు మెరిసిన చోట ఇవాళ బురదనీరు సుడి తిరుగుతోంది.

అరవై తొమ్మిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టి పిక్కలతో, ఎండకు కమిలిన మెడతో ఉంటుంది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఒక టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు యంత్రం ముందు నిలబడింది. ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ కాళ్లకు కూర్చోవడం రాలేదు. భర్త ఆర్లిస్ ముచ్చటపడి ఈ నది ఒడ్డు పార్కుకు తీసుకొచ్చాడు. చెట్ల కింద అద్దె లేకుండా తమ ట్రెయిలర్ ఇల్లు పెట్టుకోవచ్చు. బదులుగా గుడారాలు వేసుకునేవాళ్ల మంచిచెడ్డలు చూడాలి. ఆరు వేసవులుగా ఆ పనంతా ఆమెదే. నదిని చూడటం ఆయన వంతు.

"కాసేపు ఇలా కూర్చోవే. గచ్చు ఎక్కడికీ పారిపోదు" అన్నాడు ఆర్లిస్, మడతకుర్చీలోంచి.

"గచ్చు పోదు. నది మీదికొస్తోంది."

పార్కు ఆఫీసుకు ఫోన్ చేస్తే సాయంత్రం దాకా చూద్దామన్నారు. ఆమె చూడలేదు. దిగువ వరుసలో పదకొండు గుడారాలున్నాయి. ఒక్కొక్కటీ తట్టి లేపింది. సణుక్కుంటూనే అందరూ సర్దుకున్నారు, చివరి గుడారంలోని డ్వేన్ తప్ప. అతను పెళ్లాం పిల్లలతో చేపలు వేయిస్తున్నాడు.

"ఆకాశం అద్దంలా ఉంది పిన్నిగారూ. వాన ఏదీ?"

"వాన నిన్న ఎగువన కురిసింది నాయనా. నీళ్లు ఇవాళ వస్తున్నాయి."

"మీకు ఊరికే కంగారు."

"అవును, కంగారే. చేపలు గట్టు మీద కూడా వేగుతాయి. లేస్తావా, నీ పిల్లల్ని నేను ఎత్తుకుపోనా?"

జవాబు కోసం ఆగకుండా వంగి గుడారం మేకు పీకింది. ఎడమ భుజంలో ఏదో పట్టేసింది. చెయ్యి విదిలించి రెండో మేకు పట్టుకుంది. పరుపులు మోస్తూ నాలుగుసార్లు గట్టెక్కి దిగింది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా డ్వేన్ వదిలొచ్చిన పొయ్యిలోకి నీళ్లు వచ్చి నిప్పులు చుయ్యిమన్నాయి.

డెల్ఫా తిరిగొచ్చి ఆర్లిస్ పక్కన కూలబడింది. ఫ్యాక్టరీ వదిలాక కూడా అరికాళ్ల కింద ఆడుతూనే ఉన్న యంత్రపు అదురు, ఎందుకో, ఆగిపోయింది.

"బావుందయ్యా ఇక్కడ" అంది.

"ఆరేళ్లుగా మొత్తుకుంటున్నది అదే కదటే" అని ఆయన నవ్వాడు. ఆమె కళ్లు మూసుకుంది.

గంట తర్వాత డ్వేన్ పళ్లెంలో చేపలు పెట్టుకుని వచ్చాడు. "పిన్నిగారూ! మీరే లేకపోతే ఇవాళ—"

"ష్! మెల్లగా. ఇప్పుడే కునుకు పట్టింది. ఈవిడ కూర్చుంటే చూడాలని ఎంత కాలం కాచుకున్నానో నీకేం తెలుసు?"

డ్వేన్ ఆమె ముఖంలోకి చూశాడు. వంగి మణికట్టు ముట్టుకున్నాడు. తర్వాత పళ్లెం కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఆర్లిస్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె నిద్ర ఎక్కడ చెడుతుందో అన్నట్టు ముసలాయన ఆ తర్వాత కూడా చాలాసేపు గొంతు తగ్గించే మాట్లాడాడు.

పొద్దు వాలకముందే ఆమెను తీసుకెళ్లారు. కుర్చీ కింద ఆమె విప్పుకున్న బూట్లు పక్కపక్కనే ఉండిపోయాయి, బురద ఆరకుండా, మొనలు దారి వైపు తిరిగి.